దంతెవాడలో 'జి' విలువ ఎంత?

భౌతికశాస్త్రం చదువుకున్న వాళ్లను నిద్రలో లేపి అడిగినా గురుత్వ త్వరణం విలువ చెబుతారు: 9.8. కాస్త పట్టింపు ఉన్నవాళ్లు 9.81 అంటారు. పైనుంచి వదిలిన వస్తువు వేగం ఒక్కో సెకను గడిచేకొద్దీ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందని దాని అర్థం. పుస్తకాల్లో దీన్ని 'జి' అనే ఇంగ్లిషు అక్షరంతో సూచిస్తారు. హైస్కూలు నుంచి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల దాకా లెక్కలన్నీ ఈ సంఖ్యతోనే నడుస్తాయి.

ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే? దంతెవాడలో జి ఎంత?

దంతెవాడ పేరు తెలుగు వార్తల్లో ఎక్కువగా తుపాకుల సందర్భంలోనో, బైలదిల్లా ఇనుప ఖనిజం సందర్భంలోనో వినిపిస్తుంది. అక్కడ బడికి వెళ్లే పిల్లలూ ఉన్నారు. గీదం దగ్గర జవంగాలో ఎడ్యుకేషన్ సిటీ పేరుతో పెద్ద విద్యా ప్రాంగణమే ఉంది. అక్కడ చదివే విద్యార్థి ఎవరైనా జాగ్రత్తగా ప్రయోగం చేసి, రికార్డు పుస్తకంలో 9.78 అని రాస్తే ఏమవుతుంది? చాలా ల్యాబుల్లో ఆ సంఖ్య కింద ఎర్ర గీత పడుతుంది. 'అసలు విలువ 9.81, నీకు తప్పు వచ్చింది' అంటారు.

నిజానికి ఆ విద్యార్థి రాసిందే సరైనది. దంతెవాడ ఉన్న అక్షాంశం (18.9 డిగ్రీలు), సముద్రమట్టం నుంచి ఎత్తు (సుమారు 350 మీటర్లు) ప్రామాణిక సూత్రంలో వేసి చూస్తే వచ్చే విలువ సుమారు 9.785. అడుగునున్న రాళ్ల సాంద్రతను బట్టి మూడో దశాంశ స్థానం కాస్త అటూఇటూ కావచ్చు. అంతే తప్ప, అక్కడ ఎంత ఖరీదైన పరికరం పెట్టినా 9.81 రాదు.

9.8 ఎక్కడిది?

పుస్తకాల్లో కనిపించే 9.80665 అనే సంఖ్య 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ఖరారు చేసినది. భూమధ్యరేఖకూ ధ్రువానికీ సరిగ్గా మధ్యన, 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, సముద్రమట్టంలో ఉండే విలువకు దగ్గరగా దాన్ని ఎంచుకున్నారు. ప్రపంచమంతా లెక్కలకు ఒకే సంఖ్య వాడుకోవడం కోసం చేసుకున్న ఒప్పందం అది. ఒప్పందంగా అది బాగానే పనిచేస్తుంది. మన ఊరి కొలతగా తీసుకుంటేనే చిక్కు. 45 డిగ్రీల రేఖ ఫ్రాన్సు, ఇటలీల మీదుగా వెళ్తుంది. భారతదేశంలో అది ఎక్కడా తగలదు.

జి ఊరూరికీ మారడానికి ప్రధానంగా మూడు కారణాలు. మొదటిది భూమి తిరగడం. తిరిగే రంగులరాట్నం మనిషిని బయటికి తోసినట్టే, భూభ్రమణం వస్తువుల బరువును కాస్త తగ్గిస్తుంది. ఈ ప్రభావం భూమధ్యరేఖ దగ్గర అత్యధికం, ధ్రువాల దగ్గర సున్నా. రెండోది భూమి ఆకారం. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి కంటే సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువ. అక్కడి నేల భూకేంద్రానికి ఆ మేరకు దూరం. ఈ రెండూ కలిసి భూమధ్యరేఖ దగ్గర జి విలువను 9.780కి దించుతాయి, ధ్రువాల దగ్గర 9.832 దాకా పోనిస్తాయి. మూడోది ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ మీటరుకు 0.000003 చొప్పున జి తగ్గుతుంది.

ఈ లెక్కన విశాఖపట్నం తీరంలో జి సుమారు 9.785. హైదరాబాద్ విశాఖ కంటే కాస్త దక్షిణాన, అర కిలోమీటరు ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 9.783. ఢిల్లీలో 9.791. దంతెవాడ విశాఖ కంటే ఉత్తరాన ఉంది, అందుకు కొంత పెరగాలి. సముద్రమట్టానికి ఎత్తున ఉంది, అందుకు కొంత తగ్గాలి. రెండూ దాదాపు సరిపోయి రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే విలువ దగ్గర నిలుస్తాయి.

వాటిని కలిపే రైలు దారిలో మాత్రం విలువ అలా నిలకడగా ఉండదు. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అరకు దగ్గర సిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కొండ రాళ్ల ఆకర్షణ కొంత పూడ్చినా, అక్కడ జి విలువ విశాఖ కంటే 0.002 నుంచి 0.003 దాకా తక్కువ ఉండాలి. విశాఖలో సరిచేసిన లోలకం గడియారాన్ని సిమిలిగుడ స్టేషన్లో గోడకు తగిలిస్తే రోజుకు పది సెకన్ల దాకా వెనకబడుతుంది.

జి అన్ని చోట్లా ఒకటి కాదని లోకానికి మొదట తెలిసింది ఇలాంటి గడియారం వల్లే. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషేర్ దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు నెమ్మదించింది. సరిచేయడానికి లోలకం పొడవును సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గించాల్సి వచ్చింది. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని వాదించిన న్యూటన్ ఈ కొలతను సాక్ష్యంగా వాడుకున్నాడు. గడియారం చెడిపోయిందని రిషేర్ దాన్ని పక్కన పడేసి ఉంటే ఆ సాక్ష్యం దక్కేది కాదు.

ఇనుప కొండ లాగదా?

దంతెవాడలో ఈ మాట ఎత్తితే ఎవరికైనా సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. ఊరికి నైరుతి దిక్కున పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో బైలదిల్లా కొండలున్నాయి. దేశంలోని మేలైన ఇనుప ఖనిజం అక్కడ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్ఎండీసీ 1968 నుంచి తవ్వుతున్నా తరగని నిధి అది. అంత ఇనుము పక్కనే ఉంటే గురుత్వం పెరగదా?

లెక్క వేసి చూద్దాం. నూరు కోట్ల టన్నుల ఖనిజం 25 కిలోమీటర్ల దూరంలో ఒకేచోట పోగుపడి ఉందనుకుందాం. న్యూటన్ సూత్రం ప్రకారం దాని లాగుడు వల్ల వచ్చే త్వరణం 0.0000001 మీ/సె². ఇది ఎంత చిన్నదంటే, గోళీని నేల మీంచి మూడున్నర సెంటీమీటర్లు పైకి ఎత్తితే జి ఎంత తగ్గుతుందో అంత. పైగా ఆ కొండ లాగేది పక్కకు, కిందికి కాదు. కాబట్టి దంతెవాడ పట్టణంలో చేసే ప్రయోగానికి బైలదిల్లా అడ్డం రాదు. అయస్కాంత దిక్సూచి ముల్లును ఇనుప ఖనిజం కదిలించడం వేరే సంగతి. గురుత్వం పట్టించుకునేది ద్రవ్యరాశిని మాత్రమే.

సరిగ్గా ఖనిజం మీదే నిలబడితే కథ మారుతుంది. మామూలు రాయి కంటే ఇనుప ఖనిజం బాగా సాంద్రమైనది. వంద మీటర్ల మందం ఉన్న ఖనిజపు పొర తన పైన జి విలువను ఐదో దశాంశ స్థానంలో కొన్ని అంకెలు పెంచగలదు. గురుత్వ మాపకాలకు ఆ తేడా తేలిగ్గా దొరుకుతుంది. నేలను తవ్వకుండానే లోపల ఏముందో అంచనా వేసే గురుత్వ సర్వేలు నడిచేది ఈ ఆధారం మీదే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1975లో దేశం మొత్తానికి గురుత్వ పటాలు వెలువరించింది.

వదిలి చూడడం

జి కొలవడానికి అన్నిటికంటే సూటిగా కనిపించే దారి స్వేచ్ఛా పతనం. ఒక వస్తువును తెలిసిన ఎత్తు నుంచి వదలాలి, కిందపడడానికి పట్టిన కాలం కొలవాలి. ఎత్తును రెండుతో గుణించి కాలం వర్గంతో భాగిస్తే వచ్చేదే జి. ఇంత తేలికైన ప్రయోగంలో కష్టం ఎక్కడుంది?

కాలంలో ఉంది. దంతెవాడలో 2 మీటర్ల ఎత్తు నుంచి పడే ఇనుప గోళీ 0.639 సెకన్లలో నేలను తాకుతుంది. చూసి స్టాప్‌వాచ్ నొక్కడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. అది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. కాలంలో 0.05 సెకను తేడా వచ్చినా జి విలువలో 15 శాతం తేడా వస్తుంది. ఎందుకంటే లెక్కలో కాలం వర్గంగా వస్తుంది, అందులోని దోషం జి దగ్గరికి వచ్చేసరికి రెట్టింపవుతుంది. చేతి స్టాప్‌వాచ్‌తో గోళీని వదిలి 9.8 సాధించామని ఎవరైనా రికార్డులో రాస్తే, అది కొలిచిన సంఖ్య కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. మొదటి చప్పుడుకు మొదలై రెండో చప్పుడుకు ఆగుతుంది. బల్ల అంచున బయటికి పొడుచుకు వచ్చేలా స్కేలు పెట్టి, దాని చివర గోళీ ఉంచి, స్కేలును ఇంకో కర్రతో టక్కున పక్కకు కొట్టాలి. ఆ 'టక్' దగ్గర గడియారం మొదలవుతుంది. గోళీ కింద రేకు మీద పడిన 'ఠంగ్' దగ్గర ఆగుతుంది. కాలం సెకనులో వెయ్యో వంతు దాకా దొరుకుతుంది.

ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. శబ్దానికీ ప్రయాణ సమయం ఉంటుంది. ఎండాకాలపు గాలిలో అది సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది, అంటే 2 మీటర్లకు దాదాపు 0.006 సెకను. ఫోనును గోళీ పడే చోట నేల మీద పెడితే పైనున్న 'టక్' ఆలస్యంగా వినబడుతుంది, కాలం తక్కువ చూపిస్తుంది, జి సుమారు 9.96 అని వస్తుంది. ఫోనును పైన స్కేలు పక్కన పెడితే కింది చప్పుడు ఆలస్యమై 9.61 వస్తుంది. ప్రయోగం అదే, ఊరూ అదే. ఫోను పెట్టిన చోటు మారితే జవాబు 0.35 మారింది. మందు సులువే: ఫోనును రెండు చప్పుళ్లకూ సమాన దూరంలో, మధ్య ఎత్తున ఉంచాలి. అప్పుడు రెండు ఆలస్యాలూ చెల్లుకు చెల్లు.

కాలేజీ ల్యాబుల్లో గోళీని విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచి, కరెంటు ఆపి వదులుతారు. కరెంటు ఆగినా అయస్కాంతత్వం క్షణకాలం మిగులుతుంది, గోళీ కాస్త ఆలస్యంగా ఊడుతుంది. ఈ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే దాన్ని తప్పించే ఉపాయం ఉంది. ఒకే ఎత్తు నుంచి కాకుండా అర మీటరు, మీటరు, మీటరున్నర, రెండు మీటర్ల నుంచి వదలాలి. ఎత్తు వర్గమూలాన్ని అడ్డంగా, కాలాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీయాలి. గీత వాలు జి విలువను ఇస్తుంది. గీత సున్నా దగ్గర కాకుండా కాస్త పైన మొదలైతే ఆ పైభాగమే పరికరం చేసిన ఆలస్యం. ఒకే ఎత్తు నుంచి వందసార్లు వదిలి సగటు తీసినా ఈ ఆలస్యం బయటపడదు. కొలతల్లో అటూఇటూ ఊగే దోషాన్ని సగటు తగ్గిస్తుంది, ఎప్పుడూ ఒకే వైపు లాగే దోషాన్ని తాకలేదు.

దారం, గోళీ

2 మీటర్ల నుంచి వదిలితే దంతెవాడ విలువకూ పుస్తకం విలువకూ మధ్య పతన కాలంలో వచ్చే తేడా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఫోను ప్రయోగంలో ఎంత జాగ్రత్తపడినా జి విలువ 0.05 అటూఇటూగానే తెలుస్తుంది. అందులో 9.785 ఉంటుంది, 9.807 కూడా ఉంటుంది. రెండింటినీ వేరు చేయాలంటే పాత పద్ధతికే వెళ్లాలి.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అందరూ చేసే లఘులోలకం అది. లోలకం బలం పునరావృతంలో ఉంది. పైకప్పు కొక్కేనికి 2 మీటర్ల దారంతో కట్టిన గోళీ ఒక డోలనానికి 2.84 సెకన్లు తీసుకుంటుంది. వంద డోలనాలకు 284 సెకన్లు. మొదట్లో, చివర్లో స్టాప్‌వాచ్ నొక్కడంలో కలిపి 0.2 సెకను తేడా వచ్చినా అది మొత్తంలో 0.07 శాతమే. మనిషి చేతి దోషం వంద డోలనాల మీద పంచుకుపోతుంది. పొడవును గోళీ మధ్య దాకా మిల్లీమీటరు తేడాలో కొలిస్తే జి విలువ 0.015 అటూఇటూగా చిక్కుతుంది.

ఊపు చిన్నదిగా ఉండాలని ఉపాధ్యాయులు చెప్పే మాట వెనకా అంకెలున్నాయి. నిలువు నుంచి 5 డిగ్రీల ఊపుతో జి విలువ సుమారు 0.01 తక్కువగా వస్తుంది. 10 డిగ్రీలైతే 0.04 తక్కువ వస్తుంది. మనం వెతుకుతున్న తేడాయే 0.02. కాబట్టి ఊపు రెండు మూడు డిగ్రీలు దాటకూడదు.

కోడంగల్ నుంచి పాట్స్‌డామ్ దాకా

తెలుగు నేల మీద జి కొలవడం కొత్త సంగతేమీ కాదు. భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా త్రికోణమితి సర్వే 1865లో లోలకం కొలతలు మొదలుపెట్టింది. కెప్టెన్ జేమ్స్ బాసెవి రెండు లోలకాలతో దక్షిణం నుంచి హిమాలయాల దాకా సాగాడు. ఆ జాబితాలో ఇప్పటి వికారాబాద్ జిల్లాలోని కోడంగల్ ఉంది, తీరంలోని కాకినాడ ఉంది. గాలి అడ్డం రాకుండా లోలకాన్ని మూసిన పాత్రలో పెట్టి గాలి తోడేసేవారు. బాసెవి 1871 జూలైలో లడఖ్ ఎత్తుల్లో పని మీద ఉండగానే చనిపోయాడు. అక్కడ ఆయన తీసిన కొలతల్లో, అంత పర్వతం ఉన్నా జి తక్కువే వచ్చింది. హిమాలయాల అడుగున తేలిక రాయి వేళ్లలా లోతుకు దిగి ఉందన్న ఆలోచనకు అది బలమిచ్చింది. 'రావలసిన' విలువ రాకపోవడమే ఇక్కడ కూడా కొత్త సంగతిని చెప్పింది.

'రావలసిన విలువ' మీద నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే ఉదంతం మరొకటి ఉంది. జర్మనీలోని పాట్స్‌డామ్‌లో ఏళ్ల తరబడి లోలకాలతో శ్రమించి 1906లో జి విలువ ప్రకటించారు. 1909 నుంచి ప్రపంచమంతా తమ కొలతలను దానితోనే సరిచూసుకుంది. 1930లలో వాషింగ్టన్‌లో, ఇంగ్లండులోని టెడింగ్టన్‌లో విడివిడిగా చేసిన కొలతలు ఆ విలువ ఎక్కువగా ఉందని సూచించాయి. చివరికి తేల్చింది స్వేచ్ఛా పతనమే. 1960లలో టెడింగ్టన్‌లో గాజు గోళీని పైకి విసిరి, పైకి పోతున్నప్పుడూ కిందికి వస్తున్నప్పుడూ కాలం కొలిచారు. పాట్స్‌డామ్ విలువ 0.00014 మీ/సె² ఎక్కువని ఖాయమైంది. 1971లో కొత్త అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అరవై రెండేళ్ల పాటు ప్రపంచానికి 'సరైన జవాబు'గా ఉన్నది తప్పుడు జవాబు. తమకు వచ్చిన సంఖ్యను దానికి సరిపోయేలా దిద్దకుండా, వచ్చింది వచ్చినట్టే రాసినవాళ్ల వల్ల అది బయటపడింది.

ఇవాళ జి కొలిచే అత్యుత్తమ పరికరాల్లోనూ జరిగేది వదలడమే. శూన్యం చేసిన గొట్టంలో ఒక అద్దాన్ని 20 సెంటీమీటర్ల మేర పడనిచ్చి, లేజర్‌తో దూరాన్నీ అణు గడియారంతో కాలాన్నీ కొలుస్తారు. విలువ వంద కోట్లలో కొన్ని వంతుల కచ్చితత్వంతో వస్తుంది.

రికార్డులో ఏం రాయాలి?

ఇది ల్యాబు గోడల మధ్య ఉండిపోయే విషయం కాదు. బంగారం కొట్టులోని ఎలక్ట్రానిక్ త్రాసు నిజానికి కొలిచేది బలాన్ని. జి 9.80665 అనుకుని తయారైన త్రాసును దంతెవాడలో సరిచేయకుండా వాడితే వంద కిలోల సరుకును 99.78 కిలోలుగా చూపిస్తుంది. క్వింటాలుకు 220 గ్రాముల నష్టం. అందుకే అలాంటి త్రాసును వాడే చోటే, ప్రామాణిక తూకపు రాళ్లతో సరిచూడాలి. పాతకాలపు రెండు తక్కెడల త్రాసుకు ఈ బెడద లేదు, రెండు వైపులా జి ఒకటే కనుక.

ల్యాబులో జరిగే నష్టం దీనికంటే పెద్దది. ముందే తెలిసిన జవాబు రాబట్టడం కోసం వెనక నుంచి లెక్క కట్టి రీడింగులు నింపే అలవాటు మన విద్యార్థుల్లో ఎంతమందికి ఉందో ప్రాక్టికల్స్ రాసినవాళ్లందరికీ తెలుసు. 9.81 వస్తే మార్కులు, రాకపోతే కోత అన్న పద్ధతి ఉన్నంతకాలం ఆ అలవాటు పోదు. పదహారేళ్ల వయసులో ప్రయోగం పేరుతో పిల్లలు నేర్చుకుంటున్నది అంకెలు కల్పించడం అయితే, రేపు వాళ్లే నీటి నాణ్యతో, మందు మోతాదో, వంతెన బలమో కొలిచేటప్పుడు ఏం చేస్తారు?

మార్పు కష్టం కాదు, ఖర్చూ లేదు. మార్కులు వచ్చిన విలువకు కాకుండా మూడు విషయాలకు వేయాలి. రీడింగులన్నీ, పాడైనవి సహా, ఉన్నాయా? దోషం ఎంతో అంచనా వేశారా? అది ఎక్కడినుంచి వస్తోందో గుర్తించారా? విలువ పక్కన ఊరి పేరు, ఎత్తు రాయించాలి. 'దంతెవాడ, 350 మీటర్లు, 9.77, అటూఇటూ 0.02' అని రాసిన రికార్డు సరైన రికార్డు. దోషం మాటే లేకుండా 9.81 అని మాత్రమే రాసిన పుస్తకాన్ని చూసినప్పుడు ఉపాధ్యాయులు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఇది ఏ ఊళ్లో కొలిచావు?